ఆంద్రోపోవ్ మరో ఐదేళ్లు బతికి ఉంటే సోవియట్ యూనియన్ ఏ దారి పట్టేది?

ప్రశ్న: చరిత్ర పాఠకుడు

1982 నవంబరు 10న బ్రెజ్నెవ్ మరణించిన రెండు రోజులకే యూరీ ఆంద్రోపోవ్ సోవియట్ కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యారు. పదిహేను నెలలు తిరిగేసరికి, 1984 ఫిబ్రవరి 9న, మూత్రపిండాల వ్యాధితో ఆయన కూడా కన్నుమూశారు. తరువాత వచ్చిన చెర్నెంకో పదమూడు నెలలే ఉన్నారు. 1985 మార్చి 11న గోర్బచేవ్ ఎన్నిక కావడం, ఏడేళ్లు నిండకముందే దేశమే లేకుండా పోవడం అందరికీ తెలిసినవే. ఆంద్రోపోవ్ ఆరోగ్యంగా ఉండి 1989 దాకా పదవిలో కొనసాగి ఉంటే, చైనాలో డెంగ్ సియావోపింగ్ చేసినట్లు పార్టీ పట్టు సడలనీయకుండా ఆర్థిక వ్యవస్థను మాత్రం మార్చగలిగేవారా? వామపక్ష ఉద్యమంతో అనుబంధం ఉన్న మా పెద్దలు ఆయన ఉంటే యూనియన్ కూలేది కాదని గట్టిగా నమ్ముతారు. ఈ నమ్మకానికి ఆధారం ఎంత ఉందో తెలిసినవారు వివరించగలరని మనవి.

జవాబు 1: ఆర్థికశాస్త్ర విద్యార్థిని

ఆయన ఏం చేసేవారో ఊహించే ముందు, ఉన్న కొద్ది కాలంలో ఏం చేశారో చూడాలండి. 1983 మొదట్లో పనివేళల్లో దుకాణాల్లో, సినిమాహాళ్లలో, స్నానశాలల్లో కనిపించినవారిని పోలీసులు ఆపి, ఉద్యోగానికి వెళ్లకుండా ఇక్కడెందుకున్నారని నిలదీశారు. 1984 జనవరి 1 నుంచి ఐదు మంత్రిత్వ శాఖల పరిధిలోని సంస్థలకు కొంత స్వేచ్ఛనిచ్చే ప్రయోగం మొదలైంది. అయితే ధరలు, ప్రణాళికా లక్ష్యాలు కేంద్రం చేతిలోనే ఉండిపోయాయి. ఇది క్రమశిక్షణతో పాత యంత్రాన్నే వేగంగా నడపాలన్న ఆలోచన తప్ప, యంత్రాన్ని మార్చే ఆలోచన కాదు.

డెంగ్‌తో పోలిక నాకు సరిగ్గా అనిపించదు. చైనా సంస్కరణలు పొలం నుంచి మొదలయ్యాయి. కమ్యూన్లను విడదీసి కుటుంబాలకు సాగు అప్పగించగానే కోట్లాది రైతులు దిగుబడి పెంచి చూపించారు. సోవియట్ గ్రామాల్లో అప్పటికి రెండు తరాలుగా సామూహిక క్షేత్రాలకే అలవాటుపడిన కార్మికులున్నారు, యువత పట్నాలకు తరలిపోయింది, కాబట్టి అక్కడ అలాంటి ఆరంభానికి పునాదే లేదు.

అయినా ఒక విషయంలో మీ పెద్దల మాటలో బలముంది. 1983లో చవక రకం వోడ్కా మార్కెట్లోకి వస్తే జనం దానికి ఆంద్రోపోవ్ పేరే తగిలించి పిలుచుకున్నారు. గోర్బచేవ్ అందుకు పూర్తి విరుద్ధంగా 1985 మేలో మద్యవ్యతిరేక ఉద్యమం ప్రారంభించి, ఖజానాకు వచ్చే పెద్ద రాబడిని తానే కోసుకున్నారు. మరుసటి ఏడాదే చమురు ధర సగానికి పైగా పడిపోయింది. ఈ రెండు దెబ్బల్లో రెండోది ఎవరున్నా తప్పేది కాదు, మొదటిది ఆంద్రోపోవ్ హయాంలో తగిలేది కాదని నా అభిప్రాయం. ఇక 1956లో బుడాపెస్ట్‌లో రాయబారిగా ఉండి హంగరీ తిరుగుబాటును కళ్లారా చూసిన మనిషి బాల్టిక్ రిపబ్లిక్కులకు విడిపోయే అవకాశం ఇచ్చేవారని అనుకోలేను. రాజ్యం ఇంకొన్నేళ్లు నిలిచేది. ప్రజల బతుకు మెరుగుపడేదని మాత్రం చెప్పలేను.

జవాబు 2: పాత పత్రికల పాఠకుడు

పై జవాబు బాగుంది గాని, వారసత్వం విషయంలో అసలు మలుపు ఆంద్రోపోవ్ మరణం కాదని నేననుకుంటున్నాను. ఆయన పదవిలోకి రావడమే ఆ మలుపు. 1982 జనవరిలో సిద్ధాంత వ్యవహారాల పెద్ద సుస్లోవ్ చనిపోవడంతో కేంద్ర కమిటీ సచివాలయంలో ఖాళీ ఏర్పడింది. మే నెలలో ఆంద్రోపోవ్ తాను నడుపుతున్న గూఢచార సంస్థ కేజీబీని వదిలి అక్కడికి చేరారు. కేజీబీ అధిపతిగానే ఉండి నేరుగా ప్రధాన కార్యదర్శి కావడం ఆ పార్టీలో దాదాపు అసాధ్యం. సుస్లోవ్ మరో ఏడాది బతికి ఉంటే బ్రెజ్నెవ్ ఆంతరంగికుడైన చెర్నెంకో 1982లోనే గద్దెనెక్కేవారు.

1983 డిసెంబరు ప్లీనం (కేంద్ర కమిటీ పూర్తిస్థాయి సమావేశం) సంగతి మరీ ముఖ్యం. ఆంద్రోపోవ్ ఆసుపత్రి మంచం మీద ఉన్నారు, ప్రసంగాన్ని రాతప్రతిగా పంపారు. పార్టీ అత్యున్నత నిర్ణాయక మండలి అయిన పొలిట్‌బ్యూరో సమావేశాలు నడిపే బాధ్యత గోర్బచేవ్‌కు అప్పగించాలని అందులో చేర్చిన పేరా సభ్యులకు పంచిన ప్రతిలో మాయమైందని ఆయన సహాయకుడు వోల్‌స్కీ తరువాత చెప్పారు. ఆ కథనంపై వివాదం ఉంది. వివాదం లేనిది ఏమిటంటే, అదే ప్లీనంలో సొలొమెంత్సెవ్, వొరొత్నికోవ్ పొలిట్‌బ్యూరోలో పూర్తి సభ్యులయ్యారు, చెబ్రికోవ్ (ఓటు హక్కు లేని) అభ్యర్థి సభ్యుడయ్యారు, లిగచోవ్ కేంద్ర కమిటీ కార్యదర్శి అయ్యారు. 1985 మార్చిలో గోర్బచేవ్ కాకుండా వేరొకరు ఎన్నికయ్యే ప్రమాదం నిజంగానే ఉండేదని 1988 పార్టీ కాన్ఫరెన్సులో లిగచోవ్ చెబుతూ, గట్టిగా నిలబడినవారిగా చెబ్రికోవ్, సొలొమెంత్సెవ్, నాటి విదేశాంగ మంత్రి గ్రొమీకోల పేర్లు చెప్పారు. ఆ ముగ్గురిలో ఇద్దరిని పైకి తెచ్చింది ఆంద్రోపోవ్ చివరి ప్లీనమే. పేరా పోయినా మనుషులు మిగిలారు.

జవాబు 3: మాస్కో పూర్వ విద్యార్థి

ఆంద్రోపోవ్‌కు ఇంత ముందుచూపు ఉందని నేను ఒప్పుకోలేను. రాసిపెట్టిన వారసత్వ నియమం లేని పార్టీలో ఆఖరి ఘడియ వరకూ ఏదైనా జరగవచ్చు. 1985 ఫిబ్రవరి ఎన్నికలప్పుడు చెర్నెంకో లేవలేని స్థితిలో ఉన్నారు. గదిని పోలింగు కేంద్రంలా అలంకరించి, ఆయన చేత ఓటు వేయించి, టెలివిజన్‌లో చూపించారు. పక్కనే మాస్కో పార్టీ అధిపతి గ్రిషిన్ నిలబడ్డారు. తరువాతి నాయకుడిని నేనేనని దేశానికి చెప్పే ప్రయత్నంగానే దాన్ని చాలామంది చూశారు. మార్చి 10న చెర్నెంకో మరణించారు. ఆ రాత్రి అంత్యక్రియల సంఘానికి అధ్యక్షుడెవరన్న ప్రశ్నే వారసుడెవరన్న ప్రశ్న అయింది. అప్పటికి పొలిట్‌బ్యూరో సభ్యుల్లో ఉక్రెయిన్ పార్టీ అధిపతి షెర్బిత్స్కీ అమెరికాలో, కజఖ్‌స్తాన్ పార్టీ అధిపతి కునాయెవ్ అల్మా అతాలో ఉన్నారు, కాబట్టి ఆ రాత్రి సమావేశంలో లేరు. మరునాడు గ్రొమీకో గోర్బచేవ్ పేరు ప్రతిపాదించారు, జూలైలో దేశాధ్యక్ష పదవి గ్రొమీకోకు దక్కింది. ఆ వృద్ధుడు మరో పేరు పలికి ఉంటే?

చరిత్ర పాఠకుడు

అందరికీ ధన్యవాదాలు. అయితే సుస్లోవ్ బతికి, చెర్నెంకో 1982లోనే వచ్చి ఉంటే, ఆయన తరువాత ఎవరు వచ్చేవారంటారు?

పాత పత్రికల పాఠకుడు

గ్రిషిన్ అని నా అంచనా. గోర్బచేవ్‌కు మరో పోటీదారుగా లెనిన్‌గ్రాడ్ పార్టీ నేత రొమానోవ్ పేరు మీరు వినే ఉంటారు గాని, ఆయనను 1983లో లెనిన్‌గ్రాడ్ నుంచి మాస్కో సచివాలయానికి తెచ్చింది కూడా ఆంద్రోపోవే. ఆ బదిలీ లేకపోతే ఆయన పోటీలో వెనుకబడేవారు. గ్రిషిన్ 1992 వరకు జీవించారు. అంటే మనం 1991గా గుర్తుంచుకునే ఏడాదికి క్రెమ్లిన్‌లో 77 ఏళ్ల గ్రిషిన్ ఉండేవారు, పడిపోయిన చమురు ధరతో, ముగియని ఆఫ్ఘనిస్తాన్ యుద్ధంతో.