డెంగీ వైరస్ తెల్లరక్తకణాల్లోనే ఎలా పెరుగుతుంది?

విజయనగరం కుర్రాడు:
మా తమ్ముడికి నాలుగు రోజులుగా జ్వరం, మూడు లాంతర్ల దగ్గర ల్యాబ్‌లో టెస్ట్ చేయిస్తే ఎన్ఎస్1 పాజిటివ్ అన్నారు. ఈ వైరస్ తెల్లరక్తకణాల్లోనే పెరుగుతుందని డాక్టర్ గారు చెప్పారు. వైరస్‌ని చంపాల్సిన కణాల్లోనే పెరగడమేటి? కంచే చేను మేసినట్టు కాదా?

ల్యాబ్ అక్క, శ్రీకాకుళం:
కిట్ మీద సీరం వేసిన పావుగంటకి రెండో గీత పడుతుంది చూడు తమ్ముడూ, అదే ఎన్ఎస్1. వైరస్ మన కణం చేత తయారు చేయించి రక్తంలోకి వదిలిన ప్రొటీన్ అది. గీత పడిందంటే లోపల పని నడుస్తున్నట్టే.

ఎమ్మెస్సీ మైక్రో:
కంచె మేయడం లేదు బ్రదర్, దొంగే కంచెలో కాపురం పెట్టాడు. డెంగీ వైరస్‌కి ఉన్నవి మొత్తం 10 ప్రొటీన్లు, 3 దాని ఒంటికి, మిగతా 7 కణం లోపలి పనులకి. వైరస్ దూరిందని తెలియగానే కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక వదుల్తాయి, ఆ కబురుని కేంద్రకం దాకా మోసే వాటిలో స్టాట్2 ఒకటి. ఎన్ఎస్5 అనే వైరస్ ప్రొటీన్ సరిగ్గా దాన్నే పట్టుకుని, పనికిరాని ప్రొటీన్లని ముక్కలు చేయడానికి కణంలో ఉన్న మిషన్‌లోకే తోయిస్తుంది. ఇక కబురు అందదు. చిట్టెలుకల స్టాట్2 దీనికి చిక్కదు, మామూలు చిట్టెలుకల్లో డెంగీ సరిగ్గా పెరగకపోవడానికి అదొక కారణం. హెచ్ఐవి-2 కూడా ఇంతే, దాని విపిఎక్స్ ప్రొటీన్ మన కణాల్లో వైరస్‌ని అడ్డుకునే శామ్‌హెచ్‌డి1 అనే ప్రొటీన్‌ని ఇలాగే ముక్కలు చేయిస్తుందని 2011లో బయటపడింది.

విజయనగరం కుర్రాడు:
పోయినేడు సిరిమాను పండగప్పుడు కూడా వాడికి డెంగీ వచ్చింది. ఒకసారి వస్తే మళ్లీ రాదంటారు కదా?

ఎమ్మెస్సీ మైక్రో:
వచ్చిన రకం మళ్లీ రాకపోవచ్చు గానీ డెంగీలో 4 రకాలున్నాయి. ఇప్పుడొచ్చింది వేరే రకమైతే పాత యాంటీబాడీలు దానికి అంటుకుంటాయి గానీ చంపలేవు, పైగా మోనోసైట్లు అనే తెల్లరక్తకణాలు ఆ యాంటీబాడీ తోకని పట్టుకుని వైరస్‌ని చేతులారా లోపలికి లాక్కుంటాయి. రెండోసారి ముదిరే అవకాశం ఎక్కువన్నది అందుకే.

ల్యాబ్ అక్క, శ్రీకాకుళం:
బొప్పాయాకు రసం గోల తర్వాత చూసుకోండి. జ్వరం తగ్గే రోజుల్లోనే జాగ్రత్త, కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి. డాక్టర్ చెప్పకుండా బ్రూఫెన్ వేయకు.

విజయనగరం కుర్రాడు:
పొద్దున 99కి దిగిందని ఇంట్లో అందరూ సంబరపడిపోతున్నారక్కా. వాడేమో ఇందాకటి నుంచి కడుపు పట్టుకుని పడుకున్నాడు. ఆటో పిలిచాను.