డ్రయ్యర్ వేడెక్కుతోంది, బట్టలు మాత్రం తడిగానే వస్తున్నాయి

ప్రశ్న

నమస్కారం. మేము టెక్సస్‌లో, డాలస్ శివార్లలో రెండంతస్తుల ఇంట్లో ఉంటున్నాం. మా డ్రయ్యర్ కరెంటుతో నడిచేది, కొని ఆరేళ్లయింది. నిరుడు 50 నిమిషాల్లో ఆరిపోయిన తువ్వాళ్లు ఇప్పుడు గంట చొప్పున రెండుసార్లు తిప్పినా ఆరడం లేదు. తలుపు తీయగానే ముఖానికి వేడి ఆవిరి కొడుతుంది, బట్టలూ వెచ్చగానే ఉంటాయి, కానీ జీన్సు నడుము పట్టీని, జేబుల అడుగుభాగాన్ని పట్టుకుంటే చెమ్మ చేతికి తెలుస్తుంది. నూగు పట్టే జాలీని ప్రతిసారీ శుభ్రం చేస్తూనే ఉన్నాను. ఫోన్లో మాట్లాడిన మరమ్మతు మనిషి యంత్రాన్ని చూడకుండానే హీటింగ్ కాయిల్ పోయిందన్నారు. ఇంట్లో నెలల పాప ఉంది కనుక రోజూ బట్టలు ఉతకక తప్పదు. కాయిల్ మార్పించమంటారా?

సమాధానం

ఇప్పుడే మార్పించకండి. మీరు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది. కాయిల్ పోతే ముఖానికి వేడి ఆవిరి కొట్టదు. అమెరికాలో ఈ రకం డ్రయ్యర్లకు 240 వోల్టులు రెండు తీగల మీద వస్తాయి, మోటారుకు వాటిలో ఒకటి చాలు, కాయిల్‌కు రెండూ కావాలి. కాబట్టి డ్రమ్ము తిరుగుతూ గాలి చల్లగా వస్తుంటే బ్రేకర్‌ను, ఆ తరువాత కాయిల్‌ను అనుమానించాలి. మీది ఆ సమస్య కాదు.

డ్రయ్యర్ బట్టలను వేడి చేసి వదిలేయదు, తడిని ఆవిరి చేసి గాలితో ఇంటి బయటికి నెడుతుంది. ఆ గాలి పోయే దారి మూసుకుపోతే ఎంత వేడి ఉన్నా మూతపెట్టిన గిన్నెలో ఆవిరిలా తేమ లోపలే తిరుగుతుంది. ముందుగా, డ్రయ్యర్ నడుస్తుండగా బయట గొట్టం చివర గాలి ఎంత జోరుగా వస్తోందో చూడండి. అరచేతిని గట్టిగా నెట్టాలి, అక్కడి రెక్క పూర్తిగా తెరుచుకోవాలి.

తరువాత జాలీని కుళాయి కింద పట్టి చూడండి. బట్టల సువాసన కోసం వేసే కాగితాలు వాడేవారి ఇళ్లలో జాలీ కంటికి శుభ్రంగానే కనిపిస్తుంది, కానీ ఆ కాగితాల మైనం దారాల మధ్య పలచగా పేరుకుని, పోసిన నీళ్లు కిందికి దిగకుండా తామరాకు మీద నిలిచినట్టు నిలుస్తాయి. నీళ్లు దిగని చోట గాలి కూడా సరిగా దూరదు. గిన్నెలు తోమే సబ్బుతో, పాత పళ్లబ్రష్షుతో మెల్లగా రుద్ది, పూర్తిగా ఆరాక పెట్టండి.

ఆపైన ప్లగ్గు తీసి యంత్రాన్ని ముందుకు జరిపి వెనుక గొట్టం చూడండి. అల్యూమినియం రేకు ముడతల గొట్టమైతే గోడకు నొక్కుకుని చపటగా అయి ఉంటుంది. దాని స్థానంలో 4 అంగుళాల గట్టి లోహపు గొట్టం వేయించుకోవడం మేలు. అతుకులకు లోపలికి పొడుచుకొచ్చే మరలు వాడవద్దు, వాటికి నూగు చుట్టుకుంటుంది. మీది కరెంటు డ్రయ్యరే కనుక గొట్టం విడదీసి ఒక్కసారి 20 నిమిషాలు నడిపి చూడవచ్చు. ఎప్పటికంటే త్వరగా ఆరుతున్నట్టు తెలిస్తే దోషం యంత్రానిది కాదు, గొట్టానిది. గ్యాస్ డ్రయ్యర్ ఉన్నవారు మాత్రం ఈ పరీక్ష చేయనే కూడదు, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లో నిండుతుంది.

దయచేసి దీన్ని వాయిదా వేయకండి. పేరుకున్న నూగు త్వరగా అంటుకుంటుంది. 2008 నుంచి 2010 వరకు అమెరికా ఇళ్లలో ఏటా సుమారు 2,900 డ్రయ్యర్ అగ్నిప్రమాదాలు జరిగాయని, శుభ్రం చేయకపోవడమే వాటికి ముఖ్య కారణమని అక్కడి ప్రభుత్వ అగ్నిమాపక విభాగం చెప్పింది. పాప ఉన్న ఇల్లు కనుక ఇంత గట్టిగా రాస్తున్నాను.

అడిగినవారు

జాలీ మీద నీళ్లు మీరన్నట్టే నిలిచాయి, కడిగాను. కొంచెం మెరుగైంది కానీ పూర్తిగా కాదు. గొట్టం విడదీసి నడిపితే తువ్వాళ్లు చకచకా ఆరసాగాయి. మా గొట్టం గోడలోంచి పైకి వెళ్లి ఇంటి కప్పు మీద తెరుచుకుంటుంది, అందుకే గాలి జోరు చూడలేకపోయాను.

సమాధానం

అయితే దోషం గోడకూ కప్పుకూ మధ్య ఉంది. ఇటీవల కప్పు పని ఏమైనా జరిగిందా? నిచ్చెన వేసుకుని మీరు ఎక్కవద్దు, గొట్టాలు శుభ్రం చేసేవారిని పిలిచి, పైన మూత కూడా విప్పి చూడమనండి.

మరొకరు

మాది హైదరాబాదులో అపార్ట్‌మెంటు. ఉతకడం, ఆరబెట్టడం ఒకే యంత్రంలో, గొట్టమే లేదు. అయినా బట్టలు తడిగా వస్తున్నాయండీ.

సమాధానం

మీ యంత్రం మీద రెండు బరువులు రాసి ఉంటాయి, ఉదాహరణకు ఉతకడానికి 8 కిలోలు, ఆరబెట్టడానికి 5. ఉతికాక మూడో వంతు పైగా తీసి బాల్కనీలో ఆరవేసి, మిగిలినవే ఆరబెట్టండి. ఇలాంటి చాలా యంత్రాలు ఆవిరిని చన్నీటితో చల్లార్చి నీరుగా మారుస్తాయి కనుక, ఆరే సమయంలో కుళాయి కట్టేయకూడదు.

అడిగినవారు

నిన్న మనిషి వచ్చి చూశారు. వడగళ్ల వాన తరువాత నిరుడు కప్పు మార్పించాం, అప్పుడు పనివారు పిట్టలు దూరకుండా పైమూతకు సన్నని తీగవల బిగించారు. ఆ వలకు నూగు దట్టంగా, దుప్పటి ముక్కలా అంటుకుపోయి ఉంది. డ్రయ్యర్ గొట్టం చివర వల ఉండనే కూడదట. దాన్ని తీసేసి రెక్క ఉన్న మూత వేశారు. ఈ ఉదయం తువ్వాళ్లు 48 నిమిషాల్లో ఆరాయి, జీన్సు జేబుల అడుగు కూడా పొడిగా ఉంది. మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలండీ.