కొత్త కెమెరాకి తక్కువ ఖర్చులో ట్రైపాడ్, బ్యాగ్: ఏం చూసి కొనాలి?

కొత్తక్లిక్:

కొత్తగా మిర్రర్‌లెస్ కెమెరా తీసుకున్నాను. బాడీ, కిట్ లెన్స్ కలిపి 650 గ్రాములు. ముందుముందు 70-300 మి.మీ. జూమ్ లెన్స్ ఒకటి చేరుతుంది, అదో 600 గ్రాములు. తీసేవి ఎక్కువగా పొద్దుగూకాక దృశ్యాలు, రాత్రి ఆకాశం, నీళ్లు పాలలా కనబడే లాంగ్ ఎక్స్‌పోజర్లు, టైమర్ పెట్టి అందరం కలిసి దిగే ఫోటోలు. వీడియో తక్కువే. నా ఎత్తు 168 సెం.మీ.

ట్రైపాడ్, బ్యాగ్ రెండూ కలిపి బాడీ ధరలో ఆరో వంతు దాటకూడదు. చూసి చూసి రెండు అల్యూమినియం ట్రైపాడ్ల దగ్గర ఆగాను, రెండూ బాల్ హెడ్‌తోనే (కెమెరాను ఎటైనా వంచి బిగించే, గుండు ఉన్న పైభాగం) వస్తాయి, ధర దాదాపు ఒకటే.

మొదటిది కాలికి 5 సెక్షన్లు (ఒకదాంట్లోకి ఒకటి దూరే గొట్టాలు), తిప్పి బిగించే ట్విస్ట్ లాక్, పై గొట్టం 22 మి.మీ., మడిస్తే 40 సెం.మీ., బరువు 1.2 కిలోలు, 12 కిలోలు మోస్తుందట. ఎత్తు 158, సెంటర్ కాలమ్ (మధ్యలో పైకి లేచే గొట్టం) దించితే 131.

రెండోది 4 సెక్షన్లు, మీట నొక్కి బిగించే లివర్ లాక్, పై గొట్టం 25 మి.మీ., మడిస్తే 51 సెం.మీ., బరువు 1.7 కిలోలు, 8 కిలోలు మోస్తుందట. ఎత్తు 165, కాలమ్ దించితే 140. ఎత్తులన్నీ హెడ్‌తో కలిపే.

తేలిగ్గా ఉండి ఎక్కువ బరువు మోసేది ఉండగా రెండోది ఎవరైనా ఎందుకు కొంటారు? బ్యాగ్ ఏ సైజు తీసుకోవాలో కూడా చెప్పగలరు.

—

ముక్కాలిపీట:

రెండోదే తీసుకోండి. 12 కిలోలన్న అంకె చూసి మురిసిపోకండి. ఈ అంకెకు కంపెనీలన్నీ పాటించే ఒకే కొలపద్ధతి లేదు. కాళ్లు విరగకుండా ఎంత మోస్తాయో ఒకరు రాస్తారు, హెడ్ జారకుండా ఎంత ఆపుతుందో ఇంకొకరు రాస్తారు. కెమెరా, లెన్స్ బరువుకి మూడింతలు రాసి ఉంటే చాలనేది మామూలు లెక్క. మీ సరంజామా అంతా కలిపి 1.25 కిలోలు, అంటే 4 కిలోలన్నా సరిపోతుంది. కాబట్టి బరువు దగ్గర రెండూ పాసే. తేడా అంతా ఊగడంలో ఉంది.

చూడాల్సింది అన్నిటికన్నా కింద ఉండే గొట్టం. సెక్షన్ మారినప్పుడల్లా గొట్టం వ్యాసం సుమారు 3 మి.మీ. తగ్గుతుంది. మొదటిదాంట్లో 22, 19, 16, 13, చివరికి 10. రెండోదాంట్లో 25, 22, 19, 16తో ఆగిపోతుంది. గొట్టం గోడ మందం ఒకేలా ఉంటే వంగకుండా నిలిచే శక్తి వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. 16కి ఘనం 4096, 10కి 1000. అంటే నేలకు ఆనే కాలు నాలుగు రెట్లు గట్టిది. 10 మి.మీ. కాలంటే పెన్సిల్ కన్నా కాస్త లావు, అంతే. పైగా సెక్షన్ పెరిగితే లాకూ పెరుగుతుంది, ప్రతి లాకూ కాస్త కదిలే కీలే.

ఇక ఎత్తు. గరిష్ఠ ఎత్తు అంకెను మర్చిపోయి కాలమ్ దించిన ఎత్తే చూడండి. కాలమ్ పైకి లాగారంటే మూడు కాళ్ల మీద ఒంటికాలు నిలబెట్టినట్టే, ఎంత లాగితే అంత ఊగుతుంది. మీ ఎత్తుకి కళ్లు సుమారు 156 దగ్గర ఉంటాయి. కెమెరా అడుగు నుంచి కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌కి 8 సెం.మీ. తీసేస్తే హెడ్ మీది ప్లేట్ (కెమెరా అడుగుకి బిగించే పలక) 148లో ఉండాలి. రెండోదానికి 8 సెం.మీ. తక్కువ పడింది. అంతవరకు కాలమ్ లేపినా నష్టం లేదు, స్క్రీన్ పైకి తిప్పి చూసుకుంటే అదీ అక్కర్లేదు. మొదటిదానికి 17 లేపాలి. ఆ ఎత్తులో 300 మి.మీ. జూమ్ పెట్టి సెకను ఎక్స్‌పోజర్ తీస్తే గాలి లేని రోజున కూడా అనుమానమే.

హెడ్ విషయంలో ఒక్కటి చూడండి, ప్లేట్ ఆర్కా-స్విస్ తరహాదేనా అని. పక్కలు వాలుగా ఉండే, సుమారు 38 మి.మీ. వెడల్పు ప్లేట్ అది. ఇది పోతే ఎక్కడైనా దొరుకుతుంది. కంపెనీ సొంత ఆకారం ప్లేట్ అయితే పోయిన రోజే ట్రైపాడ్ మూలకు చేరుతుంది. కాళ్లకీ హెడ్‌కీ మధ్య 3/8 అంగుళాల స్క్రూ ఉండి హెడ్ ఊడివస్తే ఇంకా మంచిది, రేపు కాళ్లు ఉంచుకుని హెడ్ ఒక్కటే మార్చుకోవచ్చు. తక్కువ ధరలో వచ్చేవాటిలో ముందు విసిగించేది ఎప్పుడూ హెడ్డే.

—

జూమ్‌రింగ్:

పై లెక్కతో పేచీ లేదు గానీ, 51 సెం.మీ., 1.7 కిలోలు అన్నది చిన్న విషయం కాదు. కొండెక్కి తీసే ఫోటోలైతే బరువుందని ఇంట్లో వదిలేసిన 25 మి.మీ. కాళ్లకన్నా వెంట ఉన్న 22 మి.మీ. కాళ్లే మేలు. మొదటిదే కొన్నా దాన్ని మచ్చిక చేసుకునే దారి ఉంది: చివరి సన్న సెక్షన్ లాగకుండా, కాలమ్ లేపకుండా, కూర్చుని తీయడం. ఆకాశం తీసేటప్పుడు స్క్రీన్ తిప్పుకుని ఎలాగూ కిందనుంచే చూస్తారు.

ట్విస్ట్ లాక్ అంటే భయం అక్కర్లేదు. మడిచి ఉన్నప్పుడు ఒక కాలి లాకులన్నీ ఒకే గుప్పిట్లో పట్టుకుని పావు తిప్పు తిప్పితే అన్నీ ఒకేసారి వదులవుతాయి. బిగించేటప్పుడు మాత్రం పైనుంచి కిందికి ఒక్కోటీ బిగించాలి. ఒకటి మర్చిపోతే కెమెరా పెట్టాక ఆ కాలు మెల్లగా కుంగుతుంది, ఒక్కసారిగా కాదు, అందుకే కంటికి ఆనదు. లివర్ అయితే మూసి ఉందో తెరిచి ఉందో చూడగానే తెలుస్తుంది, చీకట్లో అది పెద్ద సుఖం. కాకపోతే కొన్నాళ్లకు వదులవుతుంది. పక్కనున్న బోల్టును అలెన్ కీతో ఎనిమిదో వంతు చుట్టు బిగిస్తే సరి. డబ్బాలో అలెన్ కీ ఇచ్చారో లేదో చూసుకోండి, చాలామంది దాన్ని అట్టపెట్టెతో పాటే పారేస్తారు.

కార్బన్ ఫైబర్ జోలికి ఈ బడ్జెట్‌లో పోవద్దు. బరువు తగ్గడం, అదురు త్వరగా అణగడం నిజమే, కానీ అదే ధరకు వచ్చే కార్బన్‌లో హెడ్ దగ్గరా లాకుల దగ్గరా కోత పెడతారు.

—

సంచీసర్దు:

బ్యాగ్ సంగతి నేను చెప్తాను. ముందు టేపు తీసుకుని కొలవండి, తర్వాతే సైట్లు తెరవండి. కెమెరాకు ఏ లెన్స్ తగిలించి ఎక్కువగా ఉంచుతారో దాన్నే తగిలించి, లెన్స్ ముందుండే హుడ్ తిరగేసి పెట్టి, పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రాసుకోండి. ఒక్కో వైపూ సెంటీమీటరున్నర కలపండి. జూమ్ ఇంకా చేతికి రాలేదు కాబట్టి దాని పొడవు, వ్యాసం కంపెనీ పేజీలోంచి తీసుకోండి, అక్కడ హుడ్ లేకుండా ఇస్తారు, హుడ్‌కి వ్యాసంలో మరో 2 సెం.మీ. వేసుకోండి.

బ్యాగ్ పేజీలో రెండు కొలతలుంటాయి. బయటి కొలత చూసి కొనేవాళ్లే ఎక్కువగా వాపసు పంపుతారు. మీకు కావాల్సింది లోపలి కొలత, అందులోనూ లోతు, అంటే వీపు వైపు నుంచి ముందు జిప్ దాకా ఉండే దూరం. అది 11 సెం.మీ. ఉండి ఆ దిశలో కెమెరా కొలత 12 ఉంటే, జిప్ పడుతుంది గానీ స్క్రీన్ మీద ఒత్తిడి పడుతూనే ఉంటుంది.

కెమెరా, రెండు లెన్సులు, చార్జర్, ఇంత వరకైతే ఒంటి భుజం స్లింగ్ చాలు. మొత్తం 2 కిలోలు దాటితే మెడ పట్టేస్తుంది, అప్పుడు రెండు భుజాల బ్యాగే. రెండో ట్రైపాడ్ గనక తీసుకుంటే స్లింగ్ ఆలోచన మానుకోండి. 51 సెం.మీ. వస్తువుని 30 సెం.మీ. స్లింగ్‌కి కడితే నడిచేటప్పుడు తుంటికి కొడుతూనే ఉంటుంది. 42-45 సెం.మీ. ఎత్తున్న బ్యాగ్‌కి పక్కన నిలువుగా కట్టొచ్చు, కింద కాళ్లు దూరే జేబు, పైన బకిల్ పట్టీ రెండూ ఉండాలి. పట్టీ ఒక్కటే ఉంటే అది జారి జారి ఒక పక్కకు వేలాడుతుంది. 1.7 కిలోలు ఒకే పక్కన పడతాయి కాబట్టి నీళ్ల సీసా, జూమ్ రెండో పక్క సర్దండి.

తక్కువ ఖర్చులో ఇంకో దారి ఉంది. కెమెరా బ్యాగ్ కొననే వద్దు. పాత బ్యాక్‌ప్యాక్ మంచిదొకటి ఇంట్లో ఉంటే, అందులో దిగే మెత్తటి అరల పెట్టె ఒకటి కొనండి, ఇన్సర్ట్ అని దొరుకుతుంది. అందులోని అడ్డగోడలు వెల్క్రోతో అతుకుతాయి, కావాల్సినట్టు జరుపుకోవచ్చు. అడ్డగోడను వేళ్లతో నొక్కి చూడండి. స్పాంజిలా పూర్తిగా అణిగిపోతే పనికిరాదు. కాస్త ఎదురు తిరిగే, గట్టిదనం ఉన్న ఫోమ్ కావాలి. అలా మిగిలిన డబ్బులు ట్రైపాడ్‌లో పెట్టుకోవచ్చు.

రెయిన్ కవర్ ఉన్నా నమ్మకండి, అది ముందు వైపునే కప్పుతుంది. వీపు మీంచి జారే నీళ్లు పట్టీల కుట్లలోంచి లోపలికి దిగుతాయి. పెద్ద ప్లాస్టిక్ సంచి ఒకటి ఎప్పుడూ లోపల మడిచి ఉంచండి. జిప్ విషయంలో ఒక అలవాటు కావాలి: కెమెరా పెట్టగానే మూసేయడం. జిప్ వేయకుండా మూత ఊరికే దించి ఉంచితే మూసినట్టే కనబడుతుంది, బ్యాగ్ ఎత్తగానే కెమెరా నేల మీద ఉంటుంది.

బ్యాగ్‌లో పెట్టి నెలల తరబడి అలా వదిలేయొద్దు. ఫోమ్ తడిని పట్టి ఉంచుతుంది, లెన్సుకి బూజు పడుతుంది. గాలి చొరబడని డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటర్, అంకె 40-50 శాతం మధ్య ఉంటే చాలు.

—

కొత్తక్లిక్:

బోధపడిందండీ. రెండోదీ, ఇన్సర్టూ అనుకుంటున్నాను. పార్సిల్ వచ్చాక వాపసు గడువు లోపల ఏమేం పరీక్షించాలి? వీడియో ఎప్పుడన్నా తీస్తే బాల్ హెడ్‌తో పని నడుస్తుందా?

—

ముక్కాలిపీట:

వీడియో కెమెరా కదలకుండా ఒకేచోట పెట్టి తీసేదైతే నడుస్తుంది. పక్కకు తిప్పాలంటే బాల్ హెడ్ అడుగున పాన్ నాబ్ ఉంటుంది, దాన్ని వదులు చేసి తిప్పొచ్చు. అయితే కాళ్ల మీది నీటిమట్టం బుడగ ముందు మధ్యకు తేవాలి, లేకపోతే తిప్పుతూంటే దిగంతం వాలిపోతుంది. నున్నగా కిందికీ మీదికీ తిప్పాలంటే మాత్రం ఫ్లూయిడ్ హెడ్ (లోపల జిగట ద్రవం ఉండేది) కావాలి. తక్కువ ధరలో ఫ్లూయిడ్ అని రాసి అమ్మేవాటిలో చాలావరకు గ్రీజు రాసిన మామూలు హెడ్లే.

పరీక్షలు: కాళ్లన్నీ పూర్తిగా లాగి, కాలమ్ దించి, మూడు కాళ్లు కలిసే చోట అరచెయ్యి పెట్టి గట్టిగా కిందికి నొక్కండి. ఏ కాలైనా జారితే ఆ లాక్ బిగించి మళ్లీ చూడండి, అప్పుడూ జారితే వాపసే. తర్వాత పైభాగం పట్టుకుని మెల్లగా మెలిపెట్టండి. కాస్త మెలితిరగడం మామూలే, ఏదో ఒక కాలి కీలు దగ్గర టకటక చప్పుడొస్తే ఆ బోల్టు వదులుగా ఉన్నట్టు.

అసలు పరీక్ష ఇది. కెమెరాలో లైవ్ వ్యూను (స్క్రీన్ మీద కనబడే దృశ్యాన్ని) 10 రెట్లకు పెద్దది చేసి, గోడ మీది అక్షరం ఒకటి పెట్టుకుని, లెన్స్ చివర వేలితో ఒక్కసారి తట్టండి. అక్షరం వణికి మళ్లీ నిలవడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టండి. సెకనులో ఆగితే బాగుంది. రెండు దాటితే టైమర్ 2 సెకన్లు చాలదు, జూమ్‌తో 5 గానీ 10 గానీ పెట్టుకోవాలి. ఇదే పరీక్ష కాలమ్ పూర్తిగా లేపి చేస్తే పైన చెప్పిన ఒంటికాలు సంగతి కంటికే కనబడుతుంది.

హెడ్ కోసం జూమ్ వచ్చాక అక్షరాన్ని ఫ్రేమ్ మధ్యకు తెచ్చి బాల్ నాబ్ బిగించి చెయ్యి తీయండి. చెయ్యి తీయగానే అక్షరం కిందికి జారితే దాన్ని డ్రూప్ అంటారు. కొద్దిగా జారడం ఈ ధరలో తప్పదు, ఆ మేర పైకి గురి పెట్టి బిగించడం అలవాటవుతుంది. నిమిషం తర్వాత కూడా జారుతూనే ఉంటే హెడ్ మార్చమనండి. నిలువు ఫోటోకి బాల్‌ను గాడిలోకి వంచినప్పుడు బరువు పక్కకు పోతుంది, కాబట్టి ఏదో ఒక కాలు సరిగ్గా ఆ వైపే ఉండేలా తిప్పి పెట్టండి. లేకపోతే గాలి అక్కర్లేదు, కెమెరానే ట్రైపాడ్‌ని పడేస్తుంది.

ప్లేట్ స్క్రూను వేలితో కాదు, నాణెంతో బిగించండి. వదులుగా ఉంటే నిలువు ఫోటోలో కెమెరా ప్లేట్ మీదే తిరుగుతుంది, జనం హెడ్‌ని తిట్టుకుంటారు. స్క్రూ పొడవు కూడా చూడండి. సోనీ మాన్యువల్స్‌లో 5.5 మి.మీ. కన్నా తక్కువ ఉండాలని రాస్తారు, మీ కెమెరా మాన్యువల్లో ఎంతుందో చూసుకోండి. ఎక్కువ పొడవున్నది బలవంతంగా తిప్పితే లోపలి భాగాన్ని పొడుస్తుంది.

—

జూమ్‌రింగ్:

రెండు మాటలు కలుపుతాను. ట్రైపాడ్ మీద లాంగ్ ఎక్స్‌పోజర్ తీసేటప్పుడు చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ ఆపి చూడండి, కొన్ని కెమెరాల్లో అది లేని కదలికను సర్దబోయి తనే మసక చేస్తుంది. మెడపట్టీ కూడా తీసేయండి లేదా హెడ్‌కి చుట్టేయండి, గాలికి కొట్టుకుంటూ అదే అదురు పుట్టిస్తుంది. కాలమ్ కింద కొక్కేనికి బ్యాగ్ వేలాడదీస్తే అడుగు నేలకు తగులుతూ ఉండాలి. గాల్లో ఊగే బ్యాగ్ లోలకమే, లేకపోవడమే నయం.

మామూలు చోట లావు సెక్షన్ ముందు లాగుతాం గదా, ఇసుకలో, బురదలో, నీళ్లలో మాత్రం తిరగేసి అడుగు సెక్షన్ ముందు లాగండి, లాకులు పైనే ఉంటాయి. ఉప్పునీళ్లు తగిలితే ఆ రోజే కాళ్లు పూర్తిగా లాగి మంచినీళ్లతో కడిగి, లాగి ఉంచే ఆరబెట్టాలి. ట్విస్ట్ లాక్ ఉన్నది విప్పి కడిగే పనైతే గొట్టం పైకొసన రెండు చిన్న ప్లాస్టిక్ రేకులు ఊడి పడతాయి. అవి ఏ వైపు ఎలా ఉన్నాయో విప్పేముందు ఫోటో తీసుకోండి. తిరగేసి పెట్టారంటే కాలు బిగియదు, ఎందుకో అంతు కూడా చిక్కదు.