ఆదివారాలన్నీ ఇట్లనే పోతుంటే తాత కాగితాలు చదివేదెప్పుడు?

మెట్టుగడ్డ అక్క:

మాది మహబూబ్‌నగర్. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటర్లో పనిచేస్తాను, సెలవు ఆదివారం ఒక్కటే. మా తాత నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్నాడు. ఊళ్లో ఎవరికి ఉత్తరం వచ్చినా, తహసీలు నుంచి కాగితం వచ్చినా మా అరుగు మీదికే తెచ్చేవాళ్లట. ఆయన ట్రంకు పెట్టె ఇప్పుడు నా దగ్గరుంది. అందులో 1954-55 ఖాస్రా పహాణీ (ఊరి భూముల లెక్కల రికార్డు) నకలు, కొన్ని పాత రసీదులు, వాటి అంచుల్లో ఆయన తన చేత్తో రాసుకున్న చిన్న చిన్న మాటలు. అన్నీ ఉర్దూలోనే. ఇప్పుడు మా ఇంట్లో ఒక్కరికీ ఉర్దూ చదవడం రాదు. భూమి తగాదా ఏమీ లేదు, పంపకాలు ఎప్పుడో అయిపోయాయి. ఆయన ఆ అంచుల్లో ఏం రాసుకున్నాడో నా కళ్లతో నేను చదవాలి, అంతే.

దసరాకల్లా ఒక్క పేజీ అయినా సొంతంగా చదవాలని ఉగాది నాడు అనుకున్నాను. దసరా వచ్చేసింది. అక్షరాలు విడివిడిగా గుర్తుపడతాను. బేకి కింద ఒక చుక్క, పేకి కింద మూడు, తేకి పైన రెండు, సేకి పైన మూడు. కలిపి రాస్తే మాత్రం ఏ అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో అంతు పట్టదు.

ఇక ఆదివారం సంగతి. లేచేదే ఆలస్యం. మటన్ కొట్టు దగ్గర లైన్లో నిలబడి తెచ్చేసరికి పది దాటుతుంది. కూర మా ఆయన చేస్తాడు, జొన్న రొట్టెలు నావి. తిన్నాక నడుం వాలిస్తే మెలకువ వచ్చేది చాయ్ వేళకే. తర్వాత కాసేపు ఫోను. అంతలో పిల్లలు పిల్లలమర్రికి పోదామంటారు. చెదలు పట్టిన ఆ పెద్ద మర్రిచెట్టుకి 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారని ఒకసారి చెప్పాను, అప్పటి నుంచి మా చిన్నోడు పోయినప్పుడల్లా సీసా ఏ కొమ్మకి కట్టారో చూపించమంటాడు. ఇంటికి వచ్చేసరికి చీకటి పడుతుంది. రోజంతా హాయిగానే ఉంటుంది, అందులో అబద్ధం లేదు. రాత్రి అంట్లు తోముతుంటే మాత్రం మనసు బరువెక్కుతుంది. ఈ వారం కూడా పెట్టె తెరవలేదే అని.

ఆదివారం సంతోషం పోగొట్టుకోకుండా ఇలాంటి పనిని ముందుకు నడిపినవాళ్లు ఉంటే ఎలా చేశారో చెప్పండి.

పానగల్లు తమ్ముడు:

అక్కా, ఆదివారం ఇంట్లో కూర్చుని చదవడం అయ్యే పని కాదు. నేను గ్రూప్-2కి చదువుతున్నాను. నాలుగు పేపర్లు, 600 మార్కులు. అంత టెన్షన్ ఉండి కూడా ఇంట్లో ఉంటే పుస్తకం తెరవబుద్ధి కాదు. అందుకే తెల్లారగానే ఉదయసముద్రం కట్ట మీదికి పోయి కూర్చుంటాను. మీ దగ్గర పెద్ద చెరువు కట్ట ఉంది కదా. మటన్ లైను బావకి అప్పజెప్పు, ఆ గంట నువ్వు తీసుకో.

వనపర్తి పాత టీచర్:

తమ్ముడి మాట పరీక్షకి సరే, ఈ అమ్మాయికి సరిపోదు. వారమంతా కౌంటర్లో జనంతో మాట్లాడి మాట్లాడి వచ్చే మనిషికి ఆ నిద్ర, ఆ భోజనం కావాలి. వాటిని కోసుకోమని నేను చెప్పను.

అమ్మా, పని సాగకపోవడానికి కారణం నీ బద్ధకం కాదు, నువ్వు పెట్టుకున్న గురి. పహాణీల్లో చేతిరాత చాలావరకు శికస్తా, అంటే గొలుసుకట్టు రాత. తొందరలో చుక్కలు కూడా వదిలేస్తారు. చుక్కల్ని బట్టి బేని, తేని గుర్తుపట్టే నీకు చుక్కల్లేని పేజీ ఆరు నెలల్లో ఎలా లొంగుతుంది? ఉర్దూలో పుట్టి పెరిగినవాళ్లే అక్కడ తడబడతారు.

ముందు అంకెలు పట్టుకో. ఉర్దూ కుడి నుంచి ఎడమకి నడిచినా అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికే. సున్నా అంటే ఒట్టి చుక్క. పహాణీ అంటే గళ్ల కాగితం. సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు తెలిస్తే సగం గళ్లు నీవే. ఫస్లీ సంవత్సరం, అంటే నిజాం కాలం నుంచి వచ్చిన రెవెన్యూ లెక్కల సంవత్సరం కనిపిస్తే 590 కలుపు, 1364 ఫస్లీ అంటే 1954-55. ఆ తర్వాత పట్టాదారు, ఖుష్కీ (మెట్ట), తరి (మాగాణి), బాగాత్ (తోట). ఈ మాటలు మీ ఊళ్లో ఇప్పటికీ నోట్లో నలుగుతూనే ఉంటాయి, వాటి రూపం ఒక్కటే కొత్త. రోజూ డ్యూటీకి పోయే ముందు పది నిమిషాలు చాలు. అంచుల్లో తాతగారి రాత ఆఖరికి పెట్టుకో, అదే అన్నింటికంటే కష్టం.

నారాయణపేట చెల్లి:

అక్కా, మీ ప్రశ్న చదివి చాలా సంతోషమేసింది. నేను ఉర్దూ మీడియంలోనే చదివాను. అక్షరాలు కలిస్తే అంతు పట్టదన్నారు కదా, మీ ఊరి పేరుతోనే మొదలుపెట్టండి. ప్రభుత్వ ఆఫీసుల బోర్డుల మీద తెలుగు పక్కనే ఉర్దూలోనూ ఉంటుంది, జవాబు మీ కళ్లముందే. ‘మహబూబ్’లో మీమ్, హే, బే, వావ్, బే. రెండు బేలు ఉన్నాయి, చూడటానికి ఒకేలా ఉండవు. మొదటిది మధ్యలో ఇరుక్కుని చిన్న పన్నులా మిగులుతుంది, కింద చుక్క మాత్రం ఉంటుంది. వావ్ తన తర్వాతి అక్షరంతో కలవదు, అందుకే చివరి బే విడిగా నిండు రూపంలో, పడవలా కనిపిస్తుంది. అలిఫ్, దాల్, రే కూడా వావ్ లాగే ముందుకి కలవవు. ఎక్కడ తెగుతుందో తెలిస్తే చదవడం సులువవుతుంది. ఫోన్లో అయితే ఉర్దూ సాహిత్యం వెబ్‌సైటు రేఖ్తా వాళ్ల ఆమోజిష్ ఉంది, లిపి మొదటి నుంచి నేర్పుతారు.

మెట్టుగడ్డ అక్క:

చెల్లీ, పొద్దున బస్సులో పోతూ ఒక బోర్డు మీద ఆ రెండు బేలు చూశాను. ఇన్నేళ్లుగా ఆ దారినే పోతున్నాను! సార్, మీరు చెప్పినట్టు అంకెలతో మొదలుపెడతాను, చెరువు కట్ట సంగతి పిల్లల పరీక్షలయ్యాక చూస్తాను తమ్ముడూ. సార్, పేజీలో పై వరుస ఫోటో పెడితే చూసి చెబుతారా?

వనపర్తి పాత టీచర్:

పెట్టమ్మా. పేర్లు, సర్వే నంబర్లు కాగితంతో కప్పి తీయి. ఎండ నేరుగా పడకుండా కిటికీ వెలుగులో తీస్తే చుక్కలు బాగా కనిపిస్తాయి.