ఎండలో పనిచేసే తమ్ముడికి క్రియాటినిన్ 1.8, పొటాషియం 5.9: కిడ్నీ జబ్బేనా?

ప్రశ్న (చీమకుర్తి నుంచి)

మా తమ్ముడికి 29 ఏళ్లు. గ్రానైట్ క్వారీలో పని. షుగర్, బీపీ, తాగుడు ఏవీ లేవు. నిన్న డ్యూటీలో కళ్లు తిరిగి వాంతులైతే ఒంగోలు తీసుకెళ్లాం. సెలైన్ పెట్టి, రక్తం తీసుకుని ఇంటికి పంపారు. ఇప్పుడే రిపోర్టు ఫోన్‌కి వచ్చింది: క్రియాటినిన్ 1.8, సోడియం 130, పొటాషియం 5.9. ల్యాబ్‌లో అడిగితే కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. కనిగిరి వైపు మా బంధువు ఒకాయన డయాలసిస్ మీద ఉన్నాడు. ఆ మాట వినగానే మా అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. ప్రస్తుతం కొబ్బరినీళ్లు బాగా తాగిస్తున్నాం. ఇంకేం చేయాలి?

జవాబు (ల్యాబ్ టెక్నీషియన్)

అక్కా, ముందు ఆ కొబ్బరినీళ్లు ఆపండి. వాటిలో పొటాషియం బాగా ఉంటుంది, అసలే మీవాడికి ఎక్కువ చూపిస్తోంది. మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. అయితే ఈ అంకె తప్పు కూడా కావచ్చు. చేతికి పట్టీ గట్టిగా బిగించి పిడికిలి పదేపదే మూయించినా, సన్న సూదితో రక్తం బలంగా లాగినా, శాంపిల్ చాలాసేపు పక్కన పడేసినా కండరాల నుంచో, పగిలిన ఎర్ర రక్తకణాల నుంచో పొటాషియం బయటికొచ్చి కలుస్తుంది. రిపోర్టు కింద ‘హీమోలైజ్డ్’ (రక్తకణాలు పగిలాయి) అని రాశారేమో చూడండి. రాసినా రాయకపోయినా ఈ రాత్రే మళ్లీ తీయించాలి, పక్కనే ఈసీజీ కూడా. పొటాషియం నిజంగా పెరిగితే గుండె లయ తప్పుతుంది. రేపు ఓపీకి వెళ్దాంలే అనుకోవద్దు.

జవాబు (ఎండీ జనరల్ మెడిసిన్, నెల్లూరు)

పై తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైన మాట. నేను రెండు విషయాలు అడగాలి. నడుం నొప్పికో ఒళ్లు నొప్పులకో మాత్రలు వేసుకుంటున్నాడా? మూత్రం కోలా రంగులో వస్తోందా?

ప్రశ్న వేసిన అక్క

మూత్రం ముదురు పసుపే సార్, నల్లగా లేదు. నడుం నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ తెచ్చుకుని రోజూ వేసుకుంటాడు. నీళ్లు మాత్రం క్యాన్లకి క్యాన్లు తాగుతాడు.

జవాబు (ఎండీ జనరల్ మెడిసిన్, నెల్లూరు)

కథ చాలావరకు ఇక్కడే ఉందమ్మా. రోహిణి కార్తె ఎండలో, రాతి గుంటలో పనిచేస్తే నీటితో పాటు ఉప్పూ చెమటలో పోతుంది. ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీకి రక్తం తగ్గుతుంది. అప్పుడు కిడ్నీ ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాల సాయంతో తన రక్తనాళాలను తెరిచి ఉంచుకుంటుంది. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, అసెక్లోఫెనాక్ సరిగ్గా వాటినే అడ్డుకుంటాయి. మామూలు రోజుల్లో ఆరోగ్యవంతుడికి ఇది పెద్దగా తెలియదు. ఒళ్లు ఎండిపోయిన రోజున తెలుస్తుంది: కిడ్నీ వడపోసి పంపాల్సిన వ్యర్థం, క్రియాటినిన్, రక్తంలో ఎక్కుతుంది, పొటాషియం బయటికి పోదు.

సోడియం 130కి దిగడానికి కారణం వేరే. ఉప్పు పోతుంటే ఉత్త నీళ్లే తాగడం వల్ల ఉన్న సోడియం పలచబడింది. అందుకే ‘నీళ్లు బాగా తాగు’ అనే సలహా ఒక్కటే ఎప్పుడూ సరిపోదు. కానీ ఇంట్లో ఉప్పు తినిపించి సరిచేద్దామని చూడకండి. సోడియం బాగా పడిపోయినవాళ్లలో దాన్ని గబగబా పెంచినా మెదడుకు ప్రమాదమే.

ఇక దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనే మాట. తేడా కనీసం మూడు నెలలు నిలబడితేనే ఆ పేరు పెడతాం. ఒక్క రిపోర్టు చూసి ఎవరూ ఆ తీర్పు చెప్పకూడదు, ల్యాబ్ కౌంటర్ దగ్గర అసలే చెప్పకూడదు. పాత రిపోర్టు ఏదైనా ఉంటే వెతకండి, దానికున్న విలువ దేనికీ లేదు. సీపీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్), మూత్ర పరీక్ష కూడా చేయించండి. విపరీతమైన ఎండ శ్రమలో కండరాలు దెబ్బతిన్నా కిడ్నీ మీద పడుతుంది.

మూత్రం బాగా తగ్గినా, ఆయాసం వచ్చినా, గుండె దడ, కాళ్లు చేతుల్లో నీరసం, మగత, తికమక మాటలు ఉన్నా 108కి ఫోన్ చేయండి.

జవాబు (పొదిలి నుంచి)

మా ఊళ్లో కొండపిండాకు కషాయం ఇస్తారు. కిడ్నీలకి మంచిది, ఇచ్చి చూడండి.

జవాబు (ఎండీ జనరల్ మెడిసిన్, నెల్లూరు)

ఇప్పుడు వద్దండి. అది రాళ్లకని వాడతారు, ఇక్కడ రాళ్ల గొడవే లేదు. పైగా ఆకులు మరిగిస్తే వాటిలోని పొటాషియం నీళ్లలోకి దిగుతుంది.

ప్రశ్న వేసిన అక్క

రాత్రే తీసుకెళ్లాం సార్. ఈసీజీ బాగుంది, పొటాషియం 4.7 వచ్చింది. మొదటి శాంపిల్ పాడైందన్నారు. సెలైన్ పెట్టి రెండు రోజులు ఉంచుకున్నారు. క్రియాటినిన్ 1.2కి, సోడియం 136కి వచ్చాయి. సీపీకే కొంచెమే ఎక్కువట. మళ్లీ పనిలోకి పంపొచ్చా? ఇంట్లో బోరు నీళ్లు కాచి తాగుతున్నాం.

జవాబు (ఎండీ జనరల్ మెడిసిన్, నెల్లూరు)

చల్లటి కబురు చెప్పారమ్మా. కొన్నాళ్లు విశ్రాంతి, తర్వాత ఒకటి రెండు వారాలు పని గంటలు మెల్లగా పెంచుకుంటూ వెళ్లాలి. మొదటి రోజే మిట్టమధ్యాహ్నం దిగకూడదు. చెమట ధారగా కారే రోజుల్లో నీళ్లతో పాటు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న ఓఆర్ఎస్ తాగాలి. లీటరు పొడి ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో కలిపితే చిక్కనై విరేచనాలు పట్టుకుంటాయి. తియ్యటి డబ్బా పానీయాలు దానికి బదులు కావు. కొబ్బరినీళ్లు ఇక తాగొచ్చు, కానీ వాటిలో సోడియం తక్కువ. నొప్పికి పారాసిటమాల్ మోతాదు మించకుండా, నడుం కోసం ఎముకల డాక్టరు. రెండు వారాల తర్వాత ఒకసారి, మూడు నెలల తర్వాత ఒకసారి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ చూపించండి.

బోరు నీళ్లు కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, ఆవిరయ్యే కొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. ముందు ఆ నీళ్లు పరీక్ష చేయించండి.

జవాబు (క్వారీ సూపర్‌వైజర్)

మా సైటులో ఓఆర్ఎస్ పెట్టినా కుర్రాళ్లు రుచి బాగాలేదని ముట్టరు సార్. నిమ్మకాయ పిండి, ఉప్పేసిన మజ్జిగ ఇస్తే తాగుతారు. పర్లేదా?

జవాబు (ఎండీ జనరల్ మెడిసిన్, నెల్లూరు)

కిడ్నీ సమస్య, బీపీ లేనివాళ్లకి భేషుగ్గా. మీ మెడికల్ కిట్‌లో ఉన్న డైక్లోఫెనాక్ స్ట్రిప్పులు మాత్రం తీసేయండి.