38 కిలోలు తగ్గాక కండబలాన్నీ ఆత్మవిశ్వాసాన్నీ పెంచుకోవడం ఎలా?

ప్రశ్న: గోదావరిగట్టు (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. నా వయసు 36 ఏళ్లు, ఎత్తు 160 సెంటీమీటర్లు, బడిలో ఉపాధ్యాయినిని. రెండేళ్ల క్రితం 104 కిలోలు ఉండేదాన్ని. అన్నం తగ్గించి, నూనె వస్తువులు మానేసి, రోజూ తెల్లవారుజామున గోదావరి గట్టు మీద నడిచి ఇప్పుడు 66 కిలోలకు వచ్చాను. షుగర్ వచ్చే సూచనలున్నాయని డాక్టరుగారు హెచ్చరించిన స్థితి నుంచి పరీక్షల్లో అంతా మామూలుగా ఉందనే స్థితికి చేరాను. మోకాళ్ల నొప్పులు కూడా తగ్గాయి.

ఇప్పుడు నన్ను బాధిస్తున్నవి వేరు. లావుగా ఉన్న రోజుల్లో 25 కిలోల బియ్యం బస్తాను వాకిట్లోంచి వంటింటి దాకా మోసుకెళ్లగలిగేదాన్ని, ఇప్పుడు దాన్ని కదపలేకపోతున్నాను. భుజాల కింద చర్మం వేలాడుతుండడంతో పొడుగు చేతుల జాకెట్లే కుట్టించుకుంటున్నాను. పెళ్లిళ్లకు వెళితే “అయ్యో, ఇంత చిక్కిపోయావేమిటమ్మా, ఏదైనా జబ్బా?” అని అడిగేవారే ఎక్కువ. వీటన్నిటికన్నా విచిత్రమైన విషయం మరొకటుంది. తరగతి గదిలో బెంచీల మధ్య నుంచి నడిచేటప్పుడు నేను ఇప్పటికీ పక్కకు తిరిగే వెళుతున్నాను, అద్దంలో పాత మనిషే కనిపిస్తోంది.

బి.ఎం.ఐ. (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూపే లెక్క) 23 లోపు ఉండాలంటే నేను ఇంకా 7 కిలోలు తగ్గాలి. ముందు ఆ 7 కిలోలు తగ్గించుకుని తర్వాత కండరాల సంగతి చూడాలా, లేక ఇప్పుడే మొదలుపెట్టాలా? నేను శాకాహారిని, గుడ్డు కూడా తినను, పాలూ పెరుగూ తీసుకుంటాను. జిమ్‌కు వెళతానంటే మా అత్తగారు “ఆడవాళ్లకు బరువులెత్తే పనులెందుకు, మగాడిలా తయారవుతావు” అంటున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: ఓరుగల్లు ఫిజియో

మీరు అడిగినవాటిలో మొదట తేల్చుకోవలసింది ఆ 7 కిలోల సంగతి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ప్రస్తుతానికి ఇంకా తగ్గకండి. బరువు తగ్గేటప్పుడు కొవ్వు ఒక్కటే కరగదు. కండరాలకు పని పెట్టకుండా తిండి తగ్గించుకున్నవారిలో పోయిన బరువులో దాదాపు నాలుగో వంతు కొవ్వు కాని భాగమని సాధారణంగా అంచనా వేస్తారు. మీ 38 కిలోలకు ఆ లెక్క వేస్తే 9 కిలోలు దాటుతుంది. అందులో నీరు ఉంటుంది, 104 కిలోల దేహాన్ని మోయడానికి పెరిగి ఇప్పుడు అవసరం తీరిపోయిన కాలి కండరం ఉంటుంది, కాబట్టి అదంతా నష్టమేనని భయపడనక్కరలేదు. అయినా బియ్యం బస్తా లేవకపోవడానికి కారణం అక్కడే ఉంది. నడక గుండెకూ షుగరుకూ ఎంతో మేలు చేస్తుంది గాని, భుజాలకూ వీపుకూ చేతులకూ అది చాలదు.

బి.ఎం.ఐ.కి కండ ఏదో కొవ్వు ఏదో తెలియదు. మన దేశపు వారికి 23 అనే హద్దు పెట్టింది తక్కువ బరువులోనే షుగరూ గుండె జబ్బులూ వస్తున్నాయన్న జాగ్రత్తతో, అది సరైన జాగ్రత్తే. కాని మీ విషయంలో టేపుతో నడుము కొలుచుకోవడం ఎక్కువ ఉపయోగం. ఆడవారికి 80 సెంటీమీటర్ల లోపు ఉండడం మంచిది. ఒక ఆరు నెలలు బరువును 66 దగ్గరే నిలిపి ఉంచి కండ పెంచుకుంటే, తూకం ముల్లు కదలకపోయినా నడుము తగ్గడం మీరు గమనించే అవకాశం ఉంది. బాగా తగ్గిన శరీరం ఆకలిని పెంచి శక్తి ఖర్చును తగ్గించుకుంటుంది, ఏడాది గడిచినా ఆ ఆకలి పూర్తిగా సర్దుకోదు. అటువంటి సమయంలో తిండిని ఇంకా బిగిస్తే పోయిన బరువు తిరిగి రావడానికి దారి తీస్తుంది.

మొదలుపెట్టే ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బి12, విటమిన్ డి, థైరాయిడ్, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు) పరీక్షలు చేయించుకోండి. శాకాహారుల్లో బి12 లోపం చాలా మామూలు విషయం. అది ఉండగా ఎంత వ్యాయామం చేసినా నీరసం వదలదు.

వ్యాయామం వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విశ్రాంతితో చాలు. మొదటి నెల ఇంట్లోనే చేయవచ్చు. కుర్చీ మీద కూర్చుని చేతుల సాయం లేకుండా లేవడం, అది తేలికైపోయాక గుంజీలు, గోడకు చేతులానించి దండీలు, అవి తేలికయ్యాక వంటగది గట్టు మీద, ఆ తర్వాత నేల మీద దండీలు, వీపు కోసం కిటికీ ఊచకు కట్టిన రబ్బరు బ్యాండును రెండు చేతులతో వెనక్కి లాగడం. నేల మీది బరువును వీపు వంచకుండా, తుంటి దగ్గర వంగి ఎత్తడం అన్నిటికన్నా ముఖ్యం, బియ్యం బస్తా ఎత్తడంలో ఉన్నది ఇదే కదలిక. దీన్ని 5 కిలోల సంచితో మొదలుపెట్టండి. ఒక్కో విడతలో 8 నుంచి 12 సార్లు, ఇంకో రెండు మూడు చేయగలననిపించినప్పుడు ఆపండి, అలాంటివి రెండు మూడు విడతలు చేయండి. 12 సార్లు సుఖంగా చేయగలిగిన రోజున కొంచెం బరువు పెంచాలి. ఈ పెంచడం ఆగిపోతే కండ పెరగడమూ ఆగిపోతుంది. చాలామంది ఏళ్ల తరబడి అవే రెండు కిలోల డంబెల్స్ తిప్పుతూ ఫలితం లేదంటుంటారు.

తొలి వారాల్లో బలం పెరుగుతుంది గాని ఆకారం మారదు, అప్పుడు నేర్చుకునేది నరాలు. కంటికి కనిపించే మార్పుకు రెండు మూడు నెలలైనా పడుతుంది. మొదట్లో కండరాల్లో నీరు చేరి తూకం ఒకటి రెండు కిలోలు పెరగవచ్చు, దాన్ని చూసి అన్నం మానేయకండి.

ఇక ప్రొటీన్. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం సామాన్యులకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు సరిపోతుంది. బరువులెత్తేవారికి 1.2 నుంచి 1.6 దాకా అవసరమవుతుంది, అంటే మీకు సుమారు 80 నుంచి 105 గ్రాములు. శాకాహారంతో ఇది సాధ్యమే. ఉదయం 60 గ్రాముల పెసలతో వేసుకున్న పెసరట్లలో దాదాపు 14 గ్రాములు, మధ్యాహ్నం 50 గ్రాముల కందిపప్పులో 11, 50 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌తో చేసిన కూరలో 25, పావు కిలో పెరుగులో 8, గ్లాసుడు పాలలో 6 లేదా 7, గుప్పెడు వేరుశనగపప్పులో 7, మిగతాది అన్నం, రొట్టెల్లోంచి వస్తుంది. పనీర్ చేసుకున్న రోజున మీల్‌మేకర్ అక్కరలేదు. అదే సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ప్రొటీన్ పొడులకు దూరంగా ఉండమని చెప్పింది. మీకూ వాటి అవసరం నాకు కనిపించడం లేదు. మూత్రపిండాల సమస్య ఏదైనా బయటపడితే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి డాక్టరు మాట వినండి.

సమాధానం: ఆమదాలవలస అక్క

మీ అత్తగారి మాటకు జవాబు మా ప్రాంతంలోనే ఉంది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆమే. అంత బరువు ఎత్తడం కోసం ఏళ్ల తరబడి పూర్తికాలం సాధన చేయాలి. వారానికి మూడుసార్లు డంబెల్స్ పట్టుకున్నంత మాత్రాన ఎవరూ మగవాళ్లలా తయారవరు. కండలు పెంచే టెస్టోస్టిరాన్ ఆడవారిలో మగవారికన్నా ఎన్నో రెట్లు తక్కువ. పైగా నలభై దాటాక, ముఖ్యంగా ముట్లుడిగిన తర్వాత, ఎముకలు పలచబడడం ఆడవారిలో వేగంగా జరుగుతుంది. బరువు తగ్గినప్పుడు కూడా ఎముక కొంత తగ్గుతుంది. బరువులెత్తడం ఎముకకు కూడా ఆసరా. అత్తగారికి ఈ ఎముకల మాట చెప్పి చూడండి, తుంటి విరిగి మంచాన పడిన చుట్టాలు ప్రతి ఇంటా ఉంటారు కాబట్టి ఆవిడకు వెంటనే అర్థమవుతుంది.

జిమ్‌కు వెళ్లడానికి సంకోచంగా ఉంటే మధ్యాహ్నం పూట వెళ్లండి, రద్దీ ఉండదు. చేరే ముందు ఒకసారి వెళ్లి, మీరు బరువు తగ్గి వచ్చిన మనిషినని, బలం కోసం వచ్చానని ట్రైనర్‌కు చెప్పండి. వినకుండా “ఇంకో పది కిలోలు తగ్గిద్దాం మేడం” అని మొదలుపెట్టేవారి దగ్గర డబ్బు కట్టవద్దు.

సమాధానం: మూసీవాసి

నేను కూడా మీలాగే చాలా బరువు తగ్గినవాణ్ని, అందుకే ఫిజియోగారితో ఒక విషయంలో విభేదిస్తున్నాను. వారి వ్యాయామం సలహా అక్షరాలా పాటించదగ్గదే. కాని రెండేళ్లపాటు ప్రతి ముద్దనూ కొలుచుకుని తిన్న మనిషికి మళ్లీ గ్రాముల లెక్క అప్పగిస్తే, ఆ లెక్కల పుస్తకం జీవితాంతం మూతపడదు. ఒక వారం మాత్రం కొలిచి చూసుకుని, ఏ గిన్నెడు పప్పు ఎంతో కంటికి అలవాటయ్యాక త్రాసు లోపల పెట్టేయండి. ప్రతి పూటా పళ్లెంలో పప్పుగాని పెరుగుగాని మీల్‌మేకర్‌గాని ధారాళంగా ఉంటే చాలు.

అద్దంలో పాత మనిషి కనిపించడం మీ ఒక్కరికే జరుగుతున్నది కాదు. శరీరం మారినంత త్వరగా మనసులోని కొలత మారదు. బాగా తగ్గినవారిలో చాలామంది ఇంకా పెద్ద సైజు చొక్కాలే ఎంచుకుంటారు, ఆటోలో ఇద్దరి చోటు కావాలనుకుంటారు. నా అనుభవంలో దీన్ని మార్చింది అద్దం ముందు నిలబడి ధైర్యం చెప్పుకోవడం కాదు, నోటుపుస్తకంలో రాసుకున్న బరువుల వివరాలు. పోయిన నెల ఎత్తలేనిది ఈ నెల ఎత్తాననే సంగతిని ఎవరి వ్యాఖ్యా చెరిపేయలేదు. బరువు తగ్గినన్నాళ్లూ మన గెలుపు ఒక అంకె తగ్గడంలో ఉండేది, ప్రతిరోజూ ఏదో ఒకటి వద్దనుకోవడంలో ఉండేది. కండ పెంచేటప్పుడు తినడం కూడా పనిలో భాగమే అవుతుంది. ఆ తేడా మనసుకు ఎంత ఊరటనిస్తుందో చేస్తేగాని తెలియదు.

పాత బట్టలు “ఎందుకైనా మంచిది” అని దాచుకుని ఉంటే ఎవరికైనా ఇచ్చేయండి. జబ్బా అని అడిగేవారికి “లేదండీ, ఆరోగ్యం కోసం నేనే తగ్గాను, ఇప్పుడు బాగున్నాను” అని ఒక్క వాక్యం చెప్పి మాట మార్చండి, వివరణ ఇస్తే చర్చ మొదలవుతుంది. అయితే రోజులో ఎక్కువ సేపు శరీరం గురించిన ఆలోచనలే వెంటాడుతున్నా, తిన్న ప్రతిసారీ తప్పు చేసినట్టనిపిస్తున్నా, సైకాలజిస్టును కలవడానికి వెనుకాడకండి.

ప్రశ్న వేసినవారు: గోదావరిగట్టు

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఆ 7 కిలోల ఆలోచన పక్కన పెట్టేశాను. రేపే రక్తపరీక్షలకు వెళుతున్నాను, ఎముకల మాట అత్తగారితో ఈ పూటే చెబుతాను. ఒక్క సందేహం మిగిలింది. చేతుల కింద, పొట్ట మీద వేలాడే చర్మం వ్యాయామంతో బిగుస్తుందా? క్రీములు రాయమని ఒకరు, ఆపరేషన్ చేయించుకోమని ఒకరు చెబుతున్నారు.

సమాధానం: ఓరుగల్లు ఫిజియో

ముందుగా మూసీవాసిగారి సవరణను నేను అంగీకరిస్తున్నాను, వారం కొలిచి వదిలేయడమే మీకు మంచిది.

చర్మం విషయంలో ఆశ పెట్టి నిరాశపరచడం నాకిష్టం లేదు. ఏళ్ల తరబడి సాగిన చర్మంలో సాగుగుణాన్నిచ్చే పోగులు దెబ్బతింటాయి. వయసు, ఎంతకాలం లావుగా ఉన్నారు, ఎంత తగ్గారు అనేవాటిని బట్టి అది ఎంత వెనక్కి తగ్గుతుందన్నది ఉంటుంది. క్రీములు ఆ వేలాడే చర్మాన్ని బిగించలేవు, వాటికి డబ్బు పోయకండి. భుజం, చేయి కండరాలు పెరిగితే లోపలి ఖాళీ కొంత నిండి చేతుల ఆకారం మెరుగుపడుతుంది, పొట్ట దగ్గర ఆ తేడా తక్కువ. మడతల్లో చెమట నిలిచి ఒరుసుకుపోకుండా స్నానం తర్వాత బాగా తుడిచి పొడిగా ఉంచుకోండి. ఆపరేషన్ తప్పేమీ కాదు, కాని అది పొడవైన కుట్ల మచ్చలు మిగిల్చే పెద్ద శస్త్రచికిత్స, బరువు కనీసం ఆరు నెలల నుంచి ఏడాది దాకా నిలకడగా ఉన్నాకే ప్లాస్టిక్ సర్జన్లు సాధారణంగా దానికి ఒప్పుకుంటారు. ఎలాగూ ఆ కాలాన్ని మీరు కండ పెంచుకోవడానికి కేటాయిస్తున్నారు కాబట్టి ఆ నిర్ణయాన్ని అప్పటికి వాయిదా వేయండి. పరీక్షల ఫలితాలు వచ్చాక, ముఖ్యంగా బి12, ఫెరిటిన్ ఎంత ఉన్నాయో ఇక్కడ తెలియజేస్తే వ్యాయామం ఏ మోతాదులో మొదలుపెట్టాలో చెబుతాను.