అప్‌డేట్: చెల్లిది గ్యాస్ నొప్పి కాదు, అండాశయం మెలిపడింది

మా 22 ఏళ్ల చెల్లికి కుడివైపు పొత్తికడుపులో నొప్పి, వాంతులు, గ్యాస్ ఇంజెక్షన్ చేసినా తగ్గట్లేదని శనివారం రాత్రి అడిగాను కదా. ఇప్పుడు బాగుంది. నిన్న ఇంటికి తెచ్చాం.

"తెల్లారేదాకా ఆగొద్దు, స్కానింగ్ చేయించండి" అని మీలో ఇద్దరు చెప్పగానే రాజోలు నుంచి కారులో బయలుదేరాం. చించినాడ వంతెన దాటేటప్పుడు కారు కుదిపినప్పుడల్లా మోకాళ్లు ముడుచుకుని, అమ్మ చీర కొంగు పళ్లతో కరిచి పట్టుకుంది. నొప్పి వచ్చి, కాసేపు తగ్గి, మళ్లీ వచ్చేది. తగ్గినప్పుడల్లా గ్యాసే అనుకున్నాం. అదే మా పొరపాటు.

భీమవరంలో ముందు గర్భం పరీక్ష చేశారు. పెళ్లికాని పిల్లకి ఇదేంటని అమ్మ కష్టపెట్టుకుంది గానీ, ట్యూబులో గర్భం పగిలితే ప్రాణం మీదికొస్తుంది, అందుకే ఈ వయసువాళ్లకి తప్పకుండా చేస్తారట. నెగెటివ్. తర్వాత అపెండిక్స్ అనుకున్నారు. స్కాన్‌లో కుడి అండాశయానికి 7 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. డాప్లర్‌లో (రక్తం ఆడుతోందా లేదా చూసే స్కాన్) రక్తం ఆడుతూనే ఉంది. అయినా డాక్టరమ్మ "రక్తం కనిపించినంత మాత్రాన మెలిక లేదనలేం" అని తెల్లవారుజామునే లాపరోస్కోపీ (చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే ఆపరేషన్) చేశారు. అండాశయం రెండు చుట్లు తిరిగి, నల్లగా కమిలిపోయిందట. మెలిక విప్పి, గడ్డ తీసి, అండాశయాన్ని ఉంచేశారు. నల్లబడినా చాలాసార్లు కోలుకుంటుందన్నారు. గడ్డ డెర్మాయిడ్ (లోపల కొవ్వు, వెంట్రుకల లాంటివి ఉండే గడ్డ), క్యాన్సర్ కాదు. 3 నెలలకి మళ్లీ స్కాన్.

మొదట చూపించిన చోట కడుపు మీద చెయ్యి వేసి కూడా చూడలేదు. ఆ బాధ ఇంకా ఉంది. అర్ధరాత్రి మేలుకుని జవాబిచ్చిన అక్కకి, అన్నయ్యకి మా అమ్మ దండాలు చెప్పమంది.